సంశయ లాభం ఎవరికి?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాలు ఎందుకు పాడైపోతున్నాయన్న ప్రశ్నకు ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా ఒక్క మాటలో జవాబు లేదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య బతికే జనంలో, పెద్దవాళ్ళను లెక్కేస్తే సుమారు అయిదుగురిలో ఒకరికి ఈ జబ్బు ఉన్నట్టు ఇటీవలి సర్వేలు తేల్చాయి. వాళ్ళలో ఎక్కువమందికి షుగరు లేదు, బీపీ చరిత్ర లేదు. నేల నీటిలోని సిలికాను అనుమానించారు, భారలోహాలను అనుమానించారు. పురుగుమందుల అవశేషాలు, ఎండలో పని చేసేటప్పుడు ఒంట్లో నీరు ఇంకిపోవడం, నొప్పి మాత్రల వాడకం, వంశపారంపర్యం, ఇలా జాబితా పెరుగుతూ వచ్చింది. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది, అక్కడా ఇదే చర్చ. పరిశోధకులను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. కారణం తేలని ఆ ఏళ్ళన్నిటిలో కూడా మనుషులు నీళ్ళు తాగుతూనే ఉన్నారు. దాహం పరిశోధన ఫలితం కోసం ఆగదు. తెలియని స్థితిలో నీరిచ్చేవాడి ధర్మం ఏమిటన్నదే ఈ వ్యాసం అడిగే ప్రశ్న. దాన్ని ఉద్దానం దగ్గర మొదలుపెట్టినా, పరీక్షించాల్సింది మరో వస్తువు మీద. మన తాగునీటి దారి పొడవునా చేరిపోయిన ప్లాస్టిక్‌నూ, దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే రసాయనాలనూ ఎదురుగా పెట్టుకుని మాట్లాడుకోవాలి.

ఈ రసాయనాలను థాలేట్లు అంటారు. పీవీసీ అనే ప్లాస్టిక్ స్వభావరీత్యా గట్టిది, పెళుసు. దాన్ని చేతికి చుట్టుకునేంత మెత్తగా చేయడానికి నూనెలాంటి ఈ ద్రవాలను కలుపుతారు. మెత్తటి పీవీసీ వస్తువు బరువులో 30 నుంచి 40 శాతం దాకా ఇవే ఉండవచ్చు. అసలు కీలకం ఏమిటంటే, ఈ ద్రవం ప్లాస్టిక్ అణువులతో రసాయనికంగా ముడిపడదు, వాటి మధ్య ఇరుక్కుని ఉంటుందంతే. వేడి తగిలితే, నూనె తగిలితే, కాలం గడిస్తే బయటికి వస్తుంది. ఇది చూడ్డానికి ప్రయోగశాల అక్కర్లేదు. పెరట్లో మోటారుకు తగిలించిన ట్యూబు కొన్న రోజు మెత్తగా మెలికలు తిరుగుతుంది. నాలుగు వేసవులు ఎండలో పడి ఉంటే కర్రలా బిగుసుకుపోతుంది, వంచితే పగులుతుంది, పగులు దగ్గర తెల్లటి గీతలు పడతాయి. ఎండ ప్లాస్టిక్‌నే కొంత తినేస్తుంది, నిజమే. కానీ ఆ మెత్తదనాన్ని ఇచ్చిన ద్రవం కూడా చాలావరకు ఆ ట్యూబులో ఇప్పుడు లేదు. కొంత గాలిలో కలిసింది, కొంత ఆ ట్యూబు గుండా పారిన నీటితో పోయింది.

ఒంట్లోకి వెళ్ళాక ఏం చేస్తాయన్నది యాభై ఏళ్ళ పైబడిన విచారణ. వీటిలో ఎక్కువగా వాడుకలో ఉన్న డీఈహెచ్‌పీ, ప్లాస్టిక్ సంచుల్లో నిల్వ చేసిన రక్తంలోకి దిగుతోందని జేగర్, రూబిన్ అనే అమెరికన్ పరిశోధకులు 1970లోనే చూపించారు. గర్భంతో ఉన్న ఎలుకలకు పెడితే మగపిల్లల జననాంగాలు సరిగ్గా ఎదగలేదు. మగ హార్మోను తయారీకి ఇవి అడ్డు తగులుతాయి. 2005లో షానా స్వాన్ బృందం మనుషుల్లో చూసింది. గర్భిణుల మూత్రంలో కొన్ని థాలేట్ల ఆనవాళ్ళు ఎక్కువగా ఉన్నప్పుడు, పుట్టిన మగపిల్లల శరీర నిర్మాణంలో కొలవగలిగిన తేడా కనిపించింది. క్యాన్సర్ పరిశోధనల అంతర్జాతీయ సంస్థ డీఈహెచ్‌పీని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల్లో చేర్చింది. సంతానోత్పత్తికి హాని చేసేదిగా యూరప్ వర్గీకరించింది. అమెరికా పిల్లల మీద జరిగిన ఒక పరిశీలనలో, థాలేట్లు ఎక్కువగా చేరిన పిల్లల మూత్రంలో ప్రోటీన్ కొద్దిగా ఎక్కువగా పోతున్నట్టు తేలింది. మూత్రపిండం వడపోత సడలితే మొదట కనిపించే గుర్తు అది. ఇవి సంబంధాలే, రుజువులు కావు. ఈ తేడాను దాచిపెట్టి భయపెట్టే రాతలు ఇప్పటికే చాలా ఉన్నాయి. అవి ఈ విషయానికి మేలు చేయలేదు.

అందుకే ఏది తెలుసో, ఏది తెలియదో ముందే విడదీసుకోవాలి. ఉద్దానం జబ్బుకు థాలేట్లే కారణమని ఎవరూ రుజువు చేయలేదు, ఈ వ్యాసం ఆ మాట అనడం లేదు. ప్లాస్టిక్ అంతా ఒకటి కాదు. ఇంటింటా కనిపించే ప్లాస్టిక్ బిందె, నీళ్ళ ప్యాకెట్ కవరు సాధారణంగా పాలిథిన్ జాతివి, వాటిని మెత్తబరచడానికి ఈ రసాయనాల అవసరం లేదు. లీటరు సీసా వేరే జాతిది. ఇరవై లీటర్ల గట్టి క్యానుల్లో కొన్ని పాలికార్బొనేట్‌వి. వాటితో వచ్చే సందేహం బిస్ఫినాల్ గురించి, అది వేరే కథ. నేలలో పాతే గట్టి పీవీసీ పైపులో మెత్తబరిచే ద్రవం దాదాపు ఉండదు. అక్కడ భయం సీసం గురించి. దాన్ని దశలవారీగా తీసేయాలని కేంద్రం 2021లో నియమాలు చేసింది. ఇక థాలేట్ల అనుమానం ప్రధానంగా మెత్తటి గొట్టాల మీద. ట్యాంకరు నుంచి డ్రమ్ముకు, మోటారు నుంచి మేడమీది ట్యాంకుకు, ఫిల్టరు ప్లాంటు నుంచి క్యానుకు నీళ్ళు పట్టే చవక ట్యూబులు అవి. అసలు మన ఒంట్లోకి చేరే థాలేట్లలో ఎక్కువ భాగం నీటితో కాదు, తిండితో వస్తుంది. ప్లాస్టిక్‌ను తాకిన నూనె, పాలు, వండిన పదార్థాలే ఎక్కువ మోసుకొస్తాయి. ఈ నిజాలన్నీ ఒప్పుకున్న తర్వాత కూడా వాదన నిలబడితేనే అది వాదన.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో డీఈహెచ్‌పీ లీటరుకు 8 మైక్రోగ్రాములు దాటకూడదంది. అమెరికా 6 అంది. ఆ ఎనిమిది ఎలా వచ్చిందో చూడాలి. మనిషి బరువు 60 కిలోలు అనుకున్నారు, రోజుకు రెండు లీటర్లు తాగుతాడనుకున్నారు, రోజుకు భరించగలిగే మొత్తంలో నూటికి ఒక్క వంతు మాత్రమే నీటి ద్వారా రావాలని నిర్ణయించారు. మిగతా తొంభై తొమ్మిది వంతులు తిండికీ గాలికీ వదిలిపెట్టారు. జాగ్రత్తగా చేసిన లెక్కే. కానీ ఆ లెక్కలోని మనిషి వజ్రపుకొత్తూరు జీడితోటలో ఏప్రిల్ ఎండకు పిక్కలు ఏరే కూలిమనిషి కాదు. ఆమె బరువు అరవై కిలోలు ఉండకపోవచ్చు, రెండు లీటర్లు ఆమెకు మధ్యాహ్నానికే చాలవు. ఎండలో నిలబెట్టిన ట్యాంకరు ట్యూబులోని వేడి నీళ్ళు కూడా ఆ లెక్కలో లేవు. ఇక మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 తీసుకుంటే, అందులో సీసం, ఆర్సెనిక్, పాదరసం, పురుగుమందుల అవశేషాలు వరుసగా ఉన్నాయి, థాలేట్లకు ఒక్క గడి లేదు. లేని గడిని ఏ జిల్లా ప్రయోగశాలా నింపదు. కొలవలేదు కాబట్టి కనిపించలేదు, కనిపించలేదు కాబట్టి లేదు. ఇలా మన అజ్ఞానమే నీటికి యోగ్యతాపత్రం అయి కూర్చుంటోంది.

ఇక్కడికి వస్తే ప్రశ్న రసాయన శాస్త్రాన్ని దాటి ధర్మవిచారంలోకి వెళుతుంది. న్యాయస్థానంలో అనుమానం మిగిలితే లాభం ముద్దాయికి దక్కుతుంది. వందమంది దోషులు తప్పించుకున్నా ఒక నిర్దోషికి శిక్ష పడకూడదన్న భావన దాని వెనుక ఉంది. ఎంతో విలువైన సూత్రం. మన పాలనలోనూ, వ్యాపారంలోనూ ఈ సూత్రాన్నే తెచ్చి రసాయనానికి అంటగట్టేశాం. హాని చేస్తుందని రుజువయ్యేదాకా రసాయనం నిర్దోషి. రుజువు చేయాల్సిన భారం మాత్రం తాగినవాడిది, అదీ సాధారణంగా అతను మంచాన పడ్డాక. కానీ కోర్టులో ఆ సూత్రం పుట్టింది బలహీనుణ్ణి బలవంతుడి నుంచి కాపాడటానికి. ఒంటరి మనిషికి ఎదురుగా రాజ్యం నిలబడినప్పుడు, తూకం సరిచేయడానికి అనుమానాన్ని మనిషి పళ్ళెంలో వేశారు. రసాయనానికి ప్రాణం లేదు, పరువు లేదు, జైలు భయం లేదు. దాన్ని అమ్మేవాడికి ప్రయోగశాల ఉంది, తాగేవాడికి గ్లాసు తప్ప మరేమీ లేదు. సూత్రాన్ని దాని ఉద్దేశం నుంచి విడదీసి తిరగేస్తే, కాపాడాల్సిన వాడి మీదే అది బరువై పడుతుంది. నీటి విషయంలో సంశయ లాభం తాగేవాడికే చెందాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఈ సూత్రం పడమటి దేశాల పర్యావరణ చట్టాల నుంచి అరువు తెచ్చుకున్నదేమీ కాదు. వంశధార ఒడ్డున శాలిహుండం, విజయనగరానికి దగ్గర్లో రామతీర్థం గురుభక్తులకొండ, ఈ రెండు చోట్లా బౌద్ధ భిక్షువులు వందల ఏళ్ళు బతికారు. రామతీర్థంలోనే బోధికొండ మీద జైనుల ఆనవాళ్ళూ ఉన్నాయి. భిక్షువు దగ్గర ఉండాల్సిన కొద్ది వస్తువుల్లో నీళ్ళు వడగట్టే గుడ్డ ఒకటి. నీటిలో కంటికి కనపడని ప్రాణులు ఉండవచ్చు, తాగడం వల్ల అవి చావకూడదు. జైనులు ఈ నియమాన్ని ఇంకా కఠినంగా పాటించారు. వడగట్టిన నీళ్ళే తాగమని మనుస్మృతి కూడా సన్యాసికి చెప్పింది. ఈ నీళ్ళలో ప్రాణి ఉందని రుజువు చేస్తేనే వడగడతానని ఏ భిక్షువూ అనలేదు. ఉండవచ్చన్న అనుమానం చాలు, వడగట్టే పని అతనిది. భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకంలో దీనికి సంబంధించి ఒక కథ ఉంది. ఇద్దరు భిక్షువులు దారిన పోతున్నారు. ఒకరి మీద ఒకరికి కినుక. ఒకడి దగ్గర వడగుడ్డ లేదు, అడిగాడు, రెండోవాడు ఇవ్వలేదు. వడగట్టని నీళ్ళు తాగలేక మొదటివాడు దాహంతో చనిపోయాడు. ఆ తర్వాత బుద్ధుడు చేసిన నియమం, దారిలో అడిగినవాడికి వడగుడ్డ ఇవ్వనని అనకూడదని. గుడ్డ లేకపోతే పైపంచె కొంగుతోనైనా వడగట్టుకోవచ్చని సడలింపు కూడా ఇచ్చాడు. నన్ను ఆలోచింపజేసేది ఆ సడలింపే. జాగ్రత్త ప్రాణం తీసేంత కఠినం కాకూడదు, ప్రాణం నిలవాలన్న పేరుతో జాగ్రత్తను వదిలేయనూ కూడదు. పైగా, వడగట్టే సాధనం ఉన్నవాడికి లేనివాడి పట్ల బాధ్యత ఉంది.

మన ధర్మశాస్త్రాల్లో నీటి దానం ఇంకో మెట్టు పైకి వెళుతుంది. మనిషి పేరు నిలిపే సప్తసంతానాల్లో చెరువు ఒకటి. బావి తవ్వించడం, చలివేంద్రం పెట్టడం పూర్తధర్మాలు, అంటే నలుగురి మేలు కోసం చేసే పనులు. చెరువు తవ్వించినవాడు ఉత్సర్గం అనే తంతు చేయాలి. ఆ నీటిని సమస్త ప్రాణులకూ వదిలేస్తున్నానని చెప్పి, యజమానిగా తప్పుకుని, తాగేవాళ్ళలో ఒకడిగా నిలబడాలి. దాత అహంకారం తగ్గించడానికి పెట్టిన తంతు అని అంటారు. అంతకన్నా పదునైన ఫలితం కూడా అందులో ఉంది. ఇచ్చినవాడు తానూ అదే నీరు తాగాలి. తాను తాగని నీటిని ఇతరులకు ఇచ్చేవాడు చేసేది దానం కాదు. ఈ కొలతతో ఇప్పటి నీటి సరఫరాను చూడండి. ప్రమాణాలు రాసే కమిటీ, టెండరు పిలిచే కార్యాలయం, ప్లాంటు నడిపే కాంట్రాక్టరు, పేరు రాసిన బ్యానరు కట్టి చలివేంద్రం పెట్టే నాయకుడు, వీళ్ళలో ఎంతమంది ఆ ట్యాంకరు ట్యూబు చివర వచ్చే నీళ్ళు ఇంట్లో తాగుతారు?

దీనికి ఎదురు వచ్చే అభ్యంతరాల్లో మొదటిది బలమైనది. ప్లాస్టిక్ లేకపోతే ఇంతమందికి నీరు అందేదే కాదు అంటారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస తీరాన్ని తాకి, ఉద్దానం కొబ్బరిని వేళ్ళతో సహా పెకలించినప్పుడు, కరెంటు లేక మోటార్లు ఆగిపోయిన ఊళ్ళకు దాహం తీర్చింది నీళ్ళ ప్యాకెట్లు, క్యాన్లు, ట్యాంకర్లే. కలుషిత నీటితో వచ్చే వాంతులు విరేచనాలు ఇవాళే చంపుతాయి. థాలేట్లు చంపితే ఎప్పుడో, చంపకపోవచ్చు కూడా. ఇది కాదనలేని నిజం. ఆపదలో ఉన్నవాడికి ట్యూబు ఏ జాతిదని అడిగే వ్యవధి ఉండదు, ఆ వేళ దొరికిన నీరే అమృతం. కానీ ఆపద్ధర్మాన్ని నిత్యధర్మం చేసుకోకూడదన్నది కూడా మన శాస్త్రం చెప్పినదే. తుపాను వారం రోజులది. ట్యాంకరు ట్యూబు ఏడాది పొడవునా, ఏటేటా అదే. పైగా ప్లాస్టిక్ ఉండాలా వద్దా అన్నది ఇక్కడి ప్రశ్న కాదు. తాగునీటికి పనికొచ్చే, థాలేట్లు లేని ట్యూబులు బజారులో దొరుకుతాయి, ధర కాస్త ఎక్కువ, అంతే. పాతకాలానికి తిరిగిపోదామన్న పిలుపు కూడా ఇది కాదు. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పనితనం అపురూపమైనదే, ఆ బిందె అటక మీద ఉంటే దించి వాడుకుంటే సంతోషం. కానీ పాతది కాబట్టి నిర్దోషి అనుకోవడం కూడా రుజువు లేని నమ్మకమే. కళాయిలో సీసం కలిసిన సందర్భాలు లేకపోలేదు. పాతదానికైనా కొత్తదానికైనా పరీక్ష ఒకటే ఉండాలి.

రెండో అభ్యంతరం మోతాదు గురించి. విషం అన్నది పరిమాణాన్ని బట్టి, లీటరుకు మైక్రోగ్రాములంటే ఏమూలకు అంటారు. పైగా ఈ రసాయనాలు ఒంట్లో పేరుకోవు, చాలావరకు ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో పోతాయి. ఈ రెండో మాట నిజం. అది ధైర్యం ఇచ్చే మాట కూడా, ఎందుకంటే రావడం ఆపితే ఒంట్లోంచి త్వరగా పోతాయి. కానీ పోయినది పోయినట్టే మళ్ళీ వస్తోంది. రోజూ తాగే నీరు, రోజూ తినే తిండి దాన్ని రోజూ నింపుతాయి. మోతాదు సిద్ధాంతం కూడా హార్మోన్ల దగ్గర అంత సూటిగా పనిచేయదు. మన ఒంట్లో హార్మోన్లు పనిచేసేదే అతి సూక్ష్మ పరిమాణాల్లో. గర్భంలో శిశువు అంగాలు ఏర్పడే కొన్ని వారాల్లో తగిలిన చిన్న అడ్డంకి, నలభై ఏళ్ళ మనిషికి ఏడాదంతా తగిలినదానికన్నా పెద్దది కావచ్చు. అప్పటికే సగం పనిచేసే మూత్రపిండం మోయాల్సిన బరువు కూడా ఆరోగ్యవంతుడి లెక్కతో తేలేది కాదు. సగటు మనిషికి వేసిన లెక్క అందరికీ సరిపోదు. ధర్మం సగటు మనిషి దగ్గర ఆగిపోతే, గర్భిణికీ ఉద్దానం రోగికీ ఎవరు జవాబు చెప్పాలి?

మూడోది తాత్త్వికమైన అభ్యంతరం, నా దృష్టిలో అన్నిటికన్నా లోతైనది. అనుమానానికి అంతెక్కడ? థాలేట్లు అయ్యాక బిస్ఫినాల్, ఆ తర్వాత సూక్ష్మప్లాస్టిక్, ఆ తర్వాత మరొకటి. ప్రతి సందేహానికీ తలవంచితే గుక్కెడు నీళ్ళు కూడా తాగలేం. ఈ ప్రశ్న మన దార్శనికులకు కొత్త కాదు. తర్కశాస్త్రమైన న్యాయదర్శనం విచారణకు పదహారు పదార్థాలు చెబితే అందులో మూడోది సంశయం, దాని వెంటనే నాలుగోది ప్రయోజనం. సంశయం విశ్రాంతి స్థానం కాదు, ఏదో ఒక ప్రయోజనం కోసం విచారణకు దిగమని తరిమేది. పొగ ఉంటే నిప్పు ఉంటుందని ఎలా నమ్మగలం, ఎక్కడో తప్పిపోవచ్చు కదా అని చార్వాకులు అడిగితే, ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఒక హద్దు గీశాడు. సందేహపడేవాడి సొంత నడతకు విరుద్ధం కానంత వరకే సందేహానికి చోటు. పొగ కావాల్సినప్పుడు సందేహపడేవాడే వెళ్ళి నిప్పు రాజేస్తాడు, కాబట్టి అతని సందేహం నోటిమాటే. ఈ కొలతను థాలేట్లకు పెట్టి చూద్దాం. చంటిపిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మల్లో వీటిని యూరప్ 1999లో తాత్కాలికంగా, 2005లో శాశ్వతంగా నిషేధించింది. అమెరికా 2008లో చట్టం చేసింది. 2011లో తైవాన్‌లో పానీయాలు చిక్కగా కనిపించడానికి డీఈహెచ్‌పీ కలిపారని తేలినప్పుడు దేశం మొత్తం కదిలిపోయింది, సరుకును దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు తప్పనిసరి అయిన నాణ్యతా ప్రమాణాల్లో థాలేట్ల పరిమితి ఉంది. ఆహార ప్యాకేజింగ్ నిబంధనల్లోనూ డీఈహెచ్‌పీకి ఒక పరిమితి పెట్టుకున్నాం. అంటే బొమ్మ దగ్గర, పొట్లం దగ్గర రాజ్యం తన నడతతో సందేహం తీర్చుకుంది. కుళాయి నీటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంకా రుజువు కాలేదు అంటే, ఆ సందేహం ఉదయనుడు గీసిన హద్దు దాటిన నోటిమాట సందేహమే. పాప నోట్లో పెట్టుకునే బొమ్మకు ఒక కొలత, అదే పాప తాగే నీటికి కొలతే లేకపోవడం ఏ తర్కానికీ నిలవదు. అనుమానానికి అంతెక్కడన్న ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు ఉంది. ప్రతి ఊహకూ తలవంచమని ఎవరూ అడగడం లేదు. ప్రమాణం ఉన్న అనుమానానికి, మరో చోట మనమే ఒప్పుకున్న అనుమానానికి, తక్కువ ఖర్చుతో తీరే అనుమానానికి ముందు తలవంచాలి.

ఇంకొకటి ఉంది. దాన్ని అభ్యంతరం అనడం కన్నా నిట్టూర్పు అనాలి. ఉద్దానంలోనే కాదు, ఎక్కడైనా జబ్బు ఊరిని పట్టి పీడిస్తే, మా రాత, మా కర్మ అన్న మాట వినిపిస్తుంది. బాధను ఓర్చుకోవడానికి మనిషి పట్టుకునే ఆసరా అది, దాన్ని ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ రోగి తన గురించి అనుకునే మాట వేరు, అదే మాటను అధికారో, వ్యాపారో, ఉపన్యాసకుడో రోగి మీద ప్రయోగించడం వేరు. కర్మ సిద్ధాంతం ఎవడు చేసిన పనికి వాడే బాధ్యుడని చెబుతుంది. నీటిలో ఏం కలుస్తోందో చూడకుండా సరఫరా చేయడం ఎవరి కర్మ? తాగినవాడిది కాదు. దైవమా పురుషకారమా అని మహాభారతం పదేపదే చర్చించి, చేయాల్సిన ప్రయత్నం చేయకుండా దైవం మీద నెట్టడాన్ని తప్పుపట్టింది.

కారణం తేలకుండా చర్య తీసుకోవడం సాధ్యమేనా అన్నవాళ్ళకు ఉద్దానమే జవాబు. 2019లో శంకుస్థాపన చేసి, 2023 డిసెంబరు 14న ప్రారంభించిన 700 కోట్ల రూపాయల పథకం హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని శుద్ధి చేసి ఎనిమిది వందలకు పైగా ఊళ్ళకు పైపుల్లో పంపడానికి కట్టినది. అదే రోజు పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. నీరే కారణమని అప్పటికి రుజువు కాలేదు, ఇప్పటికీ కాలేదు. అయినా అనుమానాన్ని తాగేవాళ్ళ పక్షాన వేసి, నేల నీటికి బదులు నది నీటిని ఇవ్వాలని నిర్ణయించారు. అది సరైన నిర్ణయం. రేపు అసలు కారణం ఎండదెబ్బ అని తేలినా, మంచినీళ్ళు ఇచ్చినందుకు ఎవరూ నష్టపోరు. చాలా ఆలస్యమైందన్నది వేరే మాట. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించినవాళ్ళు ఇప్పుడు లేరు. ఒక జిల్లా మూలలో కట్టి చూపించిన ఈ సూత్రాన్నే థాలేట్లకు కూడా వర్తింపజేయమని అడుగుతున్నాను. దానికి 700 కోట్లు కూడా అక్కర్లేదు.

అదే పలాసలో ఇంకా బాధాకరమైన విషయం ఒకటి ఉంది. మూత్రపిండాలు పాడైన మనిషి డయాలసిస్‌కు వెళితే, అతని రక్తం మెత్తటి గొట్టాల గుండా గంటల తరబడి బయట తిరిగి వస్తుంది. ఆ గొట్టాలను, రక్తం సంచులను మెత్తబరచడానికి ప్రపంచమంతటా ఎక్కువగా వాడినది డీఈహెచ్‌పీయే. రక్తంలో కొవ్వు ఉంటుంది కాబట్టి నీటిలోకన్నా ఎక్కువగా దిగుతుంది. ఈ రసాయనం అత్యధికంగా ఒంట్లోకి చేరే మనుషుల్లో డయాలసిస్ రోగులు ఉన్నారన్నది వైద్యశాస్త్రం ఎప్పటినుంచో చెబుతున్న సంగతి. దీన్ని చదివి ఎవరూ డయాలసిస్ మానకూడదు. మానితే రోజుల్లో ప్రాణం పోతుంది, ఈ గొట్టం వల్ల కలిగే హాని దానితో పోల్చదగ్గది కాదు. రక్తం సంచిలో డీఈహెచ్‌పీకి ఒక మేలు కూడా ఉంది, నిల్వ ఉంచిన ఎర్రకణాలు చితికిపోకుండా అది కాపాడుతుంది. కానీ డయాలసిస్ గొట్టాలకు వేరే పదార్థాలతో చేసినవి ఉన్నాయి. ఏవి కొనాలో నిర్ణయించేది రోగి కాదు, టెండరు రాసేవాళ్ళు. వారానికి రెండు మూడుసార్లు ఆ కుర్చీలో కూర్చునే మనిషికి ఎంచుకునే అవకాశమే లేదు కనుక, ఎంచే బాధ్యత పూర్తిగా ఇచ్చేవాళ్ళదే.

అందుకే ఈ విషయాన్ని ఇంట్లో వాళ్ళకు చెప్పే జాగ్రత్తల జాబితాగా మార్చడం నాకు ఇష్టం లేదు. క్యాను ఎండలో పెట్టకండి, వేడి కూర ప్లాస్టిక్ కవరులో కట్టించుకోకండి, ఇవన్నీ మంచి సలహాలే, పాటించండి. కానీ భయాన్ని ఇంటింటికీ పంచితే ఏమవుతుందో చూశాం. నేల నీటి మీద భయం పెరిగిన ప్రతి ఊళ్ళో క్యాను వ్యాపారం పెరిగింది. కొనగలిగినవాడు కొనుక్కున్నాడు, కొనలేనివాడు బోరు నీళ్ళే తాగాడు. ఆ క్యాను నింపిన ట్యూబు ఏ జాతిదో ఇద్దరికీ తెలియదు. వడగుడ్డ ఉన్నవాడు లేనివాడికి ఇవ్వాలన్న పాత నియమానికి ఇది పూర్తి విరుద్ధం.

కాబట్టి భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 10500లో థాలేట్లకు ఒక గడి చేర్చాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నీటి పరీక్షా కేంద్రాలకు వాటిని కొలిచే ఏర్పాటు ఇవ్వాలి, ఫలితాలను పంచాయతీ గోడ మీద రాయాలి. తాగునీటి ట్యాంకర్లకూ ప్లాంట్లకూ ఎలాంటి ట్యూబు వాడాలో అనుమతి పత్రంలోనే రాసి, తనిఖీ చేయాలి. పలాస డయాలసిస్ కేంద్రం కొనుగోళ్ళ నుంచే డీఈహెచ్‌పీ లేని గొట్టాలు మొదలుపెట్టవచ్చు. రథసప్తమికి అరసవల్లిలో, సిరిమాను నాడు విజయనగరంలో, మండు వేసవిలో ప్రతి కూడలిలో చలివేంద్రం పెట్టే పుణ్యాత్ములకు కూడా ఒక విన్నపం. కుండలో నీళ్ళు పోయడానికి ముందు, ఆ నీళ్ళు ఏ ట్యూబులోంచి వచ్చాయో ట్యాంకరు వాణ్ణి అడగండి. పేరు రాయించే బ్యానరుకు పెట్టే డబ్బుతో తాగునీటికి తగిన ట్యూబు కొనిపెట్టండి. మొదటి గ్లాసు మీరు తాగండి.